ఉడుకురాయికి ఇంకో ఇరవై వానలు

ఒక పెద్ద అడవిలో చలికాలమనేది రద్దయిపోయింది.

దాన్ని రద్దు చేసింది ఉడుకురాయి. తాతల కాలంలో కొండ కింద గోతిలో దొరికిన రాయి అది. ఎప్పుడూ కుతకుతలాడే వేడి. దాని చుట్టూ అడవిపందుల చేత పెద్ద మట్టిగోడ కట్టించి, పక్కనే ఉన్న వాగులోంచి నీళ్ళు తెచ్చి పోస్తే బుస్సుమని ఆవిరి లేచింది. ఆ ఆవిరిని వెదురు గొట్టాల్లో అడవంతా పంపారు. సింహంగారి గుహకి వేణ్ణీళ్ళ స్నానం వచ్చింది. కోతులకి వెచ్చటి కొమ్మలొచ్చాయి. ముసలి తాబేళ్ళు గొట్టం దగ్గర మోకాళ్ళకి కాపడం పెట్టుకుంటూ లోకం సంగతులు చెప్పుకునేవి.

ఒక్కటే జాగ్రత్త. నీళ్ళు పోస్తూనే ఉండాలి. ఆపితే రాయి ఎర్రబడుతుంది. రాయి ఎర్రబడితే గోడ ఆగదు.

అప్పటి పెద్దలు ముందుచూపు ఉన్నవాళ్ళు. ఎంతైనా మట్టిగోడే కదా అని, ఈ ఆవిరి కేంద్రానికి నలభై వానల వరకే లైసెన్సు ఇచ్చారు. ఆ నలభయ్యో వాన కాస్తా కురిసి వెలిసింది.

కేంద్రానికి మేనేజరు ఎలుగుబంటి బసవలింగం. మంచివాడే. ఒళ్ళంతా బొచ్చు కావడం వల్ల ఏ మాటా లోపలికి దిగదు, అంతే. ఆయన పక్కనే ఎప్పుడూ ప్రచార అధికారి నక్క నవనీతం ఉండేవాడు. ఇంకో ఇరవై వానలకి లైసెన్సు పొడిగించుకోవడం వాళ్ళిద్దరికీ మంచినీళ్ళు తాగినంత తేలిక అనుకున్నారు.

అడ్డొచ్చింది తీతువు తిరుపాలమ్మ.

గోడ కిందే, వాగు ఒడ్డున, కుందేళ్ళ కాలనీ ఉంది. ఆ కాలనీ చివర గులకరాళ్ళ మధ్య తిరుపాలమ్మ గుడ్లు పెట్టుకుంది. తీతువు కూత సంగతి మీకు తెలిసిందే. అది కూస్తే ఎవరికో మూడిందని అడవంతా నమ్మకం. ఆమె నోరు తెరిస్తే చాలు, పెద్దవాళ్ళు చెవులు మూసుకునేవారు, చిన్నవాళ్ళు థూ థూ అని ఉమ్మేసేవారు. పాపం, సగం సార్లు ఆమె "బాగున్నారా?" అనే అడిగేది.

ఓ పొద్దున తిరుపాలమ్మ పొదగడానికి కూర్చుంది. కింద చురుక్కుమంది. ఎగిరి పక్కకి దూకి చూస్తే గోడ అడుగున ఓ పగులు. అందులోంచి సన్నగా ఆవిరి వస్తోంది. ఆ వేడికి గుడ్లు వాటంతట అవే కదులుతున్నాయి.

పరుగు పరుగున పక్కింటి కుందేలు కోదండం దగ్గరికి పోయింది. కోదండం కేంద్రంలో రాయి మీద నీళ్ళు పోసే ఉద్యోగి.

"తమ్ముడూ, గోడ పగిలింది!"

"మెల్లగా అక్కా! తెలుసు. మా ఆవిడ ఆ పగులు దగ్గరే దుంపలు ఉడకబెడుతోంది. కట్టెలు మిగులుతున్నాయి."

"భయం లేదా నీకు?"

"ఎందుకు లేదు? నిద్రలో కూడా ఒక చెవి ఎత్తే పడుకుంటున్నాను. కానీ ఇంట్లో పిల్లల్ని చూశావుగా, పొద్దున్నే ఒక్కొక్కరికీ ముల్లంగి కావాలి. కేంద్రం మూతబడితే ముల్లంగి ఎవరు పెడతారు, నువ్వు పెడతావా?"

తిరుపాలమ్మ అక్కడినుంచి ఎగిరింది. నేరుగా మేనేజరు దగ్గరికే పోయింది.

"సార్, గోడ పగిలింది."

బసవలింగం నక్క వైపు చూశాడు.

"పగిలింది అనకూడదమ్మా," అన్నాడు నవనీతం, నొచ్చుకున్నట్టు మొహం పెట్టి. "నలభై వానలు మనకి సేవ చేసిన గోడ. తృప్తిగా నవ్వుతోంది."

"మరి లోపలినుంచి ఆవిరి వస్తోంది?"

"నవ్వినప్పుడు ఊపిరి రాదా?"

"నేను కూర్చోకుండానే నా గుడ్లు కదులుతున్నాయి సార్!"

నవనీతం చప్పట్లు కొట్టాడు. "విన్నారా సార్? బాలింతలకి పూర్తి విశ్రాంతి! ఇది కరపత్రంలో వేయాల్సిందే."

"వెయ్యి," అన్నాడు బసవలింగం. "చిలకపచ్చ అక్షరాల్లో వెయ్యి."

కానీ లైసెన్సు పొడిగించాలంటే ప్రజల అభిప్రాయం వినాలని రూలు. అందుకని సభ పెట్టారు. సభ ఎప్పుడో ఎక్కడో తెలిపే నోటీసుని పద్ధతి ప్రకారం వాగు అడుగున ఓ రాతికి అంటించారు. చేపలన్నీ శ్రద్ధగా చదివాయి గానీ గట్టెక్కి రాలేకపోయాయి. అయినా తిరుపాలమ్మ ఊరుకోక చెట్టు చెట్టుకీ తిరిగి కూసింది. ఆ కూతకి భయపడి ఇళ్ళు వదిలి పరిగెత్తిన జంతువులన్నీ చివరికి సభాస్థలానికే చేరాయి.

లైసెన్సు కమిటీ అధ్యక్షుడు ఏనుగు ఏకాంబరం. చాలా మంచి మనసు. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాటే ఆయనకి నిజమనిపిస్తుంది. అందుకే నవనీతం ఎప్పుడూ చివరిమాట తనదయ్యేలా చూసుకునేవాడు.

ముందుగా భద్రతా నిపుణుడు, గుడ్లగూబ డాక్టర్ గుణశేఖరం లేచాడు.

"మిట్టమధ్యాహ్నం వెళ్ళి గోడ అంతా పరిశీలించాను," అన్నాడు ఆవులిస్తూ. "నా కళ్ళకి ఒక్క పగులు కూడా కనబడలేదు."

"మిట్టమధ్యాహ్నం మీ కళ్ళకి ఏం కనబడుతుంది డాక్టరుగారూ?" అంది తిరుపాలమ్మ.

"ఏమీ కనబడదు. నేను చెబుతున్నదీ అదే కదా!"

కోతులు కొమ్మల మీంచి జారిపడేలా నవ్వాయి. తిరుపాలమ్మ మాత్రం నవ్వలేదు. సభ మధ్యకి వచ్చి నిలబడింది.

"అధ్యక్షా, ఒకే ఒక్క ప్రశ్న. రేపు గోడ కూలితే మేం ఎటు పారిపోవాలి?"

ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. కుందేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాయి. ఓ ముసలి కుందేలు "అవునే, ఎటు?" అని మెల్లగా అంది.

"దానికీ ప్లాను ఉంది!" నవనీతం ముందుకొచ్చాడు. "వాగు మీద తాటిదుంగ ఉంది. అందరూ వరసగా, ఒకరి తర్వాత ఒకరు, మర్యాదగా దాటాలి. పెద్దలకి మొదటి అవకాశం."

"తొందరలో ఉన్నవాళ్ళో?" అంది తిరుపాలమ్మ.

"తొందర పడకూడదని ప్లానులోనే రాశాం."

"చేసి చూపించండి!" అని కాలనీ అంతా ఒక్క గొంతుతో అరిచింది. అదే చివరి మాట అయింది.

"నిజమే," అన్నాడు ఏకాంబరం. "చేసి చూపించండి. బాగుంటే అక్కడికక్కడే లైసెన్సు మీద కాలిముద్ర వేస్తాను."

సభ ముగిశాక బసవలింగం తల పట్టుకు కూర్చున్నాడు. "ఆ దుంగ మీద కాలనీ అంతా దాటాలంటే తెల్లారిపోతుందయ్యా!"

"కాలనీ ఎందుకు సార్ దాటడం?" నవనీతం నవ్వాడు. "జింకల్ని పిలిపిద్దాం. కమిటీ రెప్ప వేసేలోగా దూకేస్తాయి. కాలనీ వాళ్ళకి ఆ పూటకి పళ్ళు పంపించి, ఇళ్ళలో కూర్చుని తినమందాం."

"మరి ప్రమాదం వచ్చిందని అరవడానికి సైరన్?"

"తిరుపాలమ్మ."

బసవలింగం ఉలిక్కిపడ్డాడు. "ఆ పిట్టా!"

"ఊరికే కూసే నోటికి ఉద్యోగం ఇచ్చేద్దాం సార్. ఇక మనం చెప్పినప్పుడే కూయాలి కదా!"

అలా తిరుపాలమ్మ మెడలో అడవిమల్లెల దండ పడింది. గౌరవ సైరన్ అని బిరుదిచ్చారు. పొద్దు నడినెత్తికి రాగానే ఒక్కసారి కూయాలి. ముందు కూయకూడదు, తర్వాత కూయకూడదు.

"నిన్ను కొనేశారక్కా," అన్నాడు కోదండం, కాస్త అసూయగా.

తిరుపాలమ్మ దండ సవరించుకుంది. "తెలుసురా. కానీ పుట్టినప్పటినుంచీ నా గొంతు వింటే జనం ఉమ్మెయ్యడమే చూశాను. ఒక్కరోజైనా అందరూ నిలబడి వింటారు కదా అని ఒప్పుకున్నాను."

ఆ రోజు రానే వచ్చింది. గోడకి ఆనించి కమిటీకి ఆసనాలు వేశారు. గోడ మీద ఎంత నమ్మకమో చూపించాలి కదా! ఏకాంబరం కూర్చున్నాడు. డాక్టర్ గుణశేఖరం కూర్చుంటూనే నిద్రపోయాడు. ఇళ్ళలో కూర్చుని తినమన్నా కుందేళ్ళు వింటాయా? పళ్ళు పట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డాయి. జింకలు కాళ్ళు సాగదీస్తూ వరసగా నిలబడ్డాయి. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు.

బసవలింగం అధ్యక్షుడికి తాటిముంజ అందిస్తూ, "మీతో అబద్ధం ఎందుకు సార్, ఈ గోడ పక్కన నా పిల్లల్ని..." అంటున్నాడు.

సరిగ్గా అప్పుడే గులకరాళ్ళ మధ్య ఓ జెర్రిపోతు పాము తిరుపాలమ్మ గుడ్ల వైపు పాకింది.

పొద్దు ఎక్కడుందో తిరుపాలమ్మకి గుర్తు లేదు. బిరుదు గుర్తు లేదు. ఉన్న గొంతంతా పెట్టి కూసింది.

వేళ కాని వేళ ఆ కూత వినగానే బసవలింగం పూర్తి చెయ్యవలసిన వాక్యం అక్కడే వదిలేశాడు. తాటిముంజ గాల్లో ఉంది. ఆయన వాగు దగ్గరున్నాడు. ఆయన వెనకాల నవనీతం, నవనీతం వెనకాల గోడ మరమ్మతు చూసే అడవిపందులు, వాళ్ళ వెనకాల నీళ్ళు పోసే సిబ్బంది అంతా. ఎవరి మట్టుకు వాళ్ళకి ఒకటే ఆలోచన: అనుకున్న వేళ కాకుండా కూసిందంటే, ఇది నిజమన్నమాట.

జింకలు మాత్రం కదల్లేదు. "ఇంకా టైము కాలేదు కదా?" అని ఒకదాన్నొకటి అడుగుతూ వరస చెడకుండా నిలబడ్డాయి.

"పాము! ఉత్త పాము!" అని తిరుపాలమ్మ రెక్కలు కొట్టుకుంటూ మొత్తుకుంది. ఎవరు వింటారు? పాము కూడా ఆ తొక్కిసలాట చూసి హడలిపోయి గుడ్లు వదిలి పొదల్లోకి దూరింది.

దుంగ మీద బసవలింగం, బసవలింగం వీపు మీద నవనీతం, వెనక పందులు. మర్యాదగా వెళ్ళాలన్న సంగతి ప్లాను రాసినవాడికే గుర్తు రాలేదు. దుంగ ఫటేలుమని విరిగింది. పందులు ఈదుకుంటూ తలో దిక్కుకి పోయాయి. నవనీతం కొట్టుకుపోయి ఓ వేరు పట్టుకుని వేలాడాడు. బసవలింగం అవతలి గట్టెక్కి, వెనక్కి తిరిగి చూడకుండా, దూరంగా చల్లటి కొండ మీదున్న తన ఇంట్లోకి దూరి తలుపుకి బండ అడ్డం పెట్టుకున్నాడు.

మేనేజరే పారిపోవడం కుందేళ్ళు చూశాయి. పిల్లాపాపల్తో అవీ వాగు దగ్గరికి పరిగెత్తాయి. దుంగ లేదు.

ఈ గొడవలో రాయి మీద నీళ్ళు పోసేవాళ్ళే లేకుండా పోయారు.

రాయి ఎర్రబడింది. ముందు చెర్రీపండు రంగు, తర్వాత నిప్పు రంగు. గోడ సన్నగా ఈల వేయడం మొదలుపెట్టింది. పగులు పాము పాకినట్టు పైకి పాకింది. ఇంతసేపూ ఉత్తుత్తి ప్రమాదంగా ఉన్నది ఇప్పుడు నిజం ప్రమాదమై కూర్చుంది.

తిరుపాలమ్మ గుడ్లని చూసింది. గోడని చూసింది. వాటిని మోసుకుని ఎగరలేదు. వదిలి ఎగరలేదు.

గోడ పక్కన, నిద్రపోతున్న డాక్టరు కాక, ఇంకా ఒకడు మిగిలాడు. ఏకాంబరం. ఆసనంలో ఇరుక్కుపోయి లేవలేక "పారిపోవాలేమో... ఉండాలేమో..." అని అటూ ఇటూ తల ఊపుతున్నాడు. తిరుపాలమ్మ ఆయన చెవి మీద వాలి కూసింది.

"తొండంతో నీళ్ళు పొయ్యండి!"

ఇంకెవరూ మాట్లాడేవాళ్ళు లేరు కాబట్టి అదే చివరి మాట.

"నిజమే," అన్నాడు ఏకాంబరం. ఆసనంతో సహా లేచి వాగులో తొండం పెట్టాడు.

వాగు ఒడ్డున, పని వదిలి పరిగెత్తుకొచ్చిన కోదండం పిల్లల్ని వెనకేసుకుని నిలబడి ఉన్నాడు. ముందు నీళ్ళు, వెనక నిప్పు. అతని పెళ్ళాం చేతిలో దుంపల కుండ ఇంకా అలాగే ఉంది. కోదండం ఆ కుండ లాక్కుని దుంపలు పారబోశాడు.

"పారిపోవడానికి దారి లేదు. కనీసం పని చేద్దాం రండి!"

కుండలు, సొరకాయ బుర్రలు, తాబేటి చిప్పలు (లోపల తాబేళ్ళు ఉండగానే), ఏది దొరికితే అది. జింకలు కూడా వరసలోంచే నీళ్ళు అందించాయి. పిల్ల కుందేళ్ళు తడిమట్టి ముద్దలు తెచ్చి పగులు మీద పటపటా కొట్టాయి. ఆవిరికి ఏకాంబరం చెవులు ఉడికి ముడతలు పడ్డాయి. కోదండం మీసాలు కాలాయి. చివరికి రాయి బుస్సుమని ఓ పెద్ద నిట్టూర్పు విడిచి మళ్ళీ నల్లబడింది. గోడ నిలిచింది. ఎలా నిలిచిందో దానికే తెలియదు.

అప్పుడు డాక్టర్ గుణశేఖరం ఒక కన్ను తెరిచి, "అయిపోయిందా? బాగా జరిగిందా?" అని అడిగాడు.

సాయంత్రానికల్లా వాగు ఒడ్డునే విచారణ మొదలైంది. దుంగ విరిగింది కాబట్టి బసవలింగం అవతలి గట్టు మీంచి అరిచి జవాబులు చెప్పాల్సొచ్చింది.

"ఎందుకు పారిపోయావయ్యా?" అన్నాడు ఏకాంబరం.

"పారిపోలేదు సార్! ప్లాను పని చేస్తుందో లేదో నేనే స్వయంగా పరీక్షించాను!"

నీళ్ళోడుతున్న నవనీతం, గొంతు బొంగురుపోయినా సర్దుకుని లేచాడు. "అధ్యక్షా, అసలు గోడ ఏం చేసింది? పాపం, ఉన్నచోటే ఉంది. తప్పంతా కూతది. వేళ కాని వేళ కూసింది. కాబట్టి కూతని రద్దు చేసి, గోడకి ఇంకో ఇరవై వానలు పొడిగించాలి."

"నిజమే," అన్నాడు ఏకాంబరం. కాలు ఎత్తాడు, ముద్ర వేయడానికి.

కోదండం తల దించుకున్నాడు. అతనికి ముల్లంగి కావాలి. పిల్లలూ కావాలి.

తిరుపాలమ్మ మెడలో దండ తీసి కింద పెట్టింది. "నాకేం అభ్యంతరం లేదు అధ్యక్షా. కూత రద్దు చెయ్యండి. ఇరవై వానలు కాదు, కావాలంటే నలభై ఇవ్వండి."

నవనీతం నోరు తెరిచాడు. ఇలాంటిది ఆమె నోట ఎప్పుడూ వినలేదు.

"అయితే నేను మానేస్తే గోడ దగ్గర కాపలా ఎవరుంటారు? ప్రమాదం వస్తే అందరికన్నా ముందు ఎవరికి తెలుస్తుందో ఇవాళ మనమంతా చూశాం. బసవలింగంగారి కాళ్ళకున్న తెలివి నా గొంతుకి లేదు. అందుకని లైసెన్సు ఉన్నన్నాళ్ళూ ఆయన కుటుంబంతో సహా నా గులకరాళ్ళ దగ్గర కాపురం ఉండాలి. ఆయన చల్లటి కొండ మీద నేను గుడ్లు పెట్టుకుంటాను. పొరుగిళ్ళ కుందేళ్ళు కూడా ఎవరొస్తే వాళ్ళు."

నవనీతం ఏదో అనబోయాడు. గొంతులోంచి దగ్గు వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ దగ్గే. దగ్గుని మాటగా లెక్కవేసే అలవాటు ఏకాంబరానికి లేదు.

"నిజమే," అన్నాడు. ధబ్బున కాలిముద్ర పడింది.

ఏకాంబరమే తొండంతో కొత్త దుంగ వేశాడు. గుడ్లని మెత్తటి ఆకుల్లో పెట్టి తొండంలోనే కొండ మీదికి చేర్చాడు. తిరుగు ప్రయాణంలో బసవలింగం ఇంటి సామాను మోసుకొచ్చాడు.

బసవలింగం భార్య భ్రమరాంబ. గట్టి మనిషి. మాట పెద్దగా మాట్లాడదు. తేనెకుండలు గోడ వారగా సర్ది, చాప వేసి కూర్చుంది. కాసేపయ్యాక కుండలోకి తొంగి చూసింది.

"ఏమండీ. తేనె పాకం అవుతోంది."

"వెచ్చగా ఉంటుందిలే, పిల్లలకి మంచిది," అన్నాడు బసవలింగం, గోడకి దూరంగా నిలబడే.

ఆవిడ గోడకి చెవి ఆనించింది. లోపల ఏదో గురక పెడుతోంది. ఆవిడ లేచింది. చాప చుట్టింది.

"ఇదిగో చూడండి. దీన్ని ఆర్పుతారా, నన్ను పుట్టింటికి పంపుతారా?"

నలభై వానలుగా కదలనిది ఆ తర్వాత కదిలింది. మర్నాటికల్లా గోడకి తడిమట్టి పూత పడింది. వారం తిరక్కుండా వాగు మీద, రెండు ఏనుగులు పక్కపక్కన నడిచేంత వెడల్పు వంతెనలు వెలిశాయి. ఒకటి కాదు, ఎటు చూసినా వంతెనే. నిపుణుడి చేత సాయంత్రం చీకటి పడ్డాక పరీక్షలు చేయించారు. డాక్టర్ గుణశేఖరం మొదటిసారి గోడని చూసి "అమ్మో!" అని ఎగిరిపోయాడు.

ఇంకా పూర్తిగా వానాకాలం రాకముందే బసవలింగం కమిటీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. 'కేంద్రం ముసలిదైపోయింది. ఇరవై వానలు కాదు, ఒక్క చినుకు కూడా మాకొద్దు. దయచేసి లైసెన్సు వెనక్కి తీసుకోండి' అని.

ఆ వార్త విని కోదండం పరిగెత్తుకొచ్చాడు. "మూసేస్తే మా గతేంటి సార్?"

"నీ గతికేం? ఇంత వేడి చల్లారాలంటే మీ మనవళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా నీళ్ళు పొయ్యాలి!"

"అంతకాలం జీతమా!" కోదండం కాలిన మీసాలు దువ్వుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగా సార్, నేనే మూసెయ్యమని అరిచేవాణ్ణి!"

ఆ ఏడు, గొట్టాలు తీసేశాక, అడవిలోకి చలికాలం తిరిగొచ్చింది. సింహంగారు చన్నీళ్ళు పోసుకుని గర్జించారు. అడవంతా అది పరిపాలన అనుకుంది. మిగతా జంతువులకి తమ ఒంటి మీద సొంత బొచ్చు ఉన్న సంగతి గుర్తొచ్చింది. కొండ మీద తీతువు పిల్లలు, వాళ్ళమ్మ పొదిగితేనే, రావలసినప్పుడే బయటికొచ్చాయి.

నీతి: గోడ గట్టిదో కాదో మేనేజరుని అడక్కండి, ఆయన కాపురం దాని పక్కకి మార్పించి, ఆయన భార్యని అడగండి.